తుపాను వెనుకటి కూలిపని: గ్రామము నేర్వవలసిన పాఠము



తుపాను అనగా సముద్రపుటొడ్డువారి కష్టమని మనలో పెక్కుమంది తలంపు. కరీంనగరమునకును ఆదిలాబాదునకును సముద్రము చాల దూరము. అయినను సముద్రమున పుట్టిన వాయుగుండము మన చేలమీదికి వచ్చుట మనము కన్నులార చూచితిమి. 2025 అక్టోబరు 28వ తేది రాత్రి ‘మొంథా’ తుపాను ఆంధ్రప్రదేశ్ తీరమును దాటినది. మఱునాడు దాని మేఘములు మన ప్రాంతముపై కురిసినవి. పాత కరీంనగర్ జిల్లాలో నుండి, 2016 విభజన పిదప హనుమకొండ జిల్లాలో చేరిన భీమదేవరపల్లి మండలమున ఒక్క దినములో సుమారు 40 సెంటీమీటర్ల వాన పడినది. ఆ ప్రక్కనే యున్న హుస్నాబాదులో అమ్మకమునకు తెచ్చి ఆఱబోసిన వడ్లు వాననీటిలో కొట్టుకొనిపోయినవి. కోతకు వచ్చిన వరి నేల కొఱిగినది. విచ్చిన పత్తి తడిసి నల్లబడినది.

పాత ఆదిలాబాదు జిల్లావారికి వరద క్రొత్త కాదు. 1958లో కడెం ఆనకట్ట వరద తాకిడికి తెగినది. దానిని మఱల కట్టిరి. 2022 జూలైలో ఆ జలాశయమునకు అయిదు లక్షల క్యూసెక్కులకు మించిన వరద వచ్చి, నీరు కట్టమీదుగ పొర్లినది. దిగువ గ్రామములవారిని రాత్రికి రాత్రి ఖాళీ చేయించిరి. ఆనకట్ట దైవికముగ నిలిచినది.

ఇట్టి యాపద గడచిన వెంటనే గ్రామమున రెండు కొఱతలు కలుగును. మొదటిది చేతికి రావలసిన పంట పోయి కూలివారికిని చిన్న రైతులకును దినభత్యము లేకపోవుట. రెండవది కట్టలు, కాలువలు, బాటలు, పొలములు చెడి, మఱుసటి పంటకు ఆధారము లేకపోవుట. ఈ రెండు కొఱతలను ఒక్క పనితో తీర్చుటయే ప్రభుత్వధనముతో జరుగు తాత్కాలిక కూలిపనుల ఉద్దేశము. ఆ పని ఎట్టిది, అది ఎచ్చట ఫలించును, ఎచ్చట వ్యర్థమగును అను సంగతి ఈ పాఠమున విచారింతము.

1. ఈ పద్ధతి పుట్టుక

ఆపదలో పని చూపి కూలి ఇచ్చు పద్ధతి మన దేశమున పాతది. 1876 మొదలు 1878 వఱకు దక్షిణదేశమున ఘోరమైన కాటకము వచ్చినప్పుడు నాటి ప్రభుత్వము సహాయపు పనులు తెఱచినది. మద్రాసు నగరమున అడయారు, కూవము నదులను కలుపు బకింగ్‌హాము కాలువ భాగము ఆ కాలమున కాటకపీడితుల చేతనే త్రవ్వబడినది. నేటికిని ఆ కాలువ కానవచ్చును. కాని ఆ పనుల కూలి సంగతి విచారకరమైనది. 1877లో సర్ రిచర్డు టెంపుల్ అను అధికారి, పనిచేయు మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యము, అనగా నేటి లెక్కలో 450 గ్రాములు, దానితో కొద్దిపాటి పైకము చాలునని నిర్ణయించెను. దినమంతయు మట్టి మోయువానికి అది చాలదని మద్రాసు ఆరోగ్యాధికారి కార్నిషు ఘాటుగ వాదించెను. చివరకు కూలి పెంచవలసి వచ్చెను. 1880లో కాటకవిచారణ సంఘము నివేదిక వెలువడినది. తరువాత కాటకములందు పని ఎప్పుడు తెఱవవలెను, ఎంత కూలి ఇయ్యవలెను అను నియమావళులు ఏర్పడినవి.

ఈ చరిత్రయందు మనకు రెండు పాఠములు కలవు. పని పేర ఇచ్చు కూలి ప్రాణము నిలుపునంతగ నుండవలెను. ఆ పని చేసినవారు పోయిన తరువాతను నిలుచునదై యుండవలెను.

స్వతంత్ర భారతమున 2005లో పార్లమెంటు గ్రామీణ ఉపాధి హామీ చట్టము చేసినది. 2006 ఫిబ్రవరి 2వ తేదిన అనంతపురము జిల్లా బండ్లపల్లిలో ఆ పథకము ప్రారంభమైనది. మొదటి విడత దేశమున 200 జిల్లాలు చేరగా, వానిలో కరీంనగరము, ఆదిలాబాదు రెండును ఉండెను. పని అడుగుట దానము కోరుట కాదు, హక్కు అని ఆ చట్టము చెప్పినది. ఒక కుటుంబమునకు ఏటికి 100 దినములు, కఱవో వరదయో వచ్చినదని ప్రభుత్వము ప్రకటించిన గ్రామములలో అదనముగ 50 దినముల వఱకు పని ఇచ్చు వీలు అందు కల్పింపబడెను. 2025-26లో మన రాష్ట్రమున దినకూలి 307 రూపాయలుగ నిర్ణయింపబడినది. ఆ లెక్కను 50 దినములు పూర్తిగ చేసిన కుటుంబమునకు 15,350 రూపాయలు వచ్చును. పంట పోయిన ఇంటికి ఇది చిన్న మొత్తము కాదు.

ఇతర దేశములవారును ఈ మార్గమునే పట్టిరి. 2013 నవంబరులో ఫిలిప్పీను దీవులను పెనుతుపాను తాకినప్పుడు టాక్లోబాను నగరవాసులకే దినమునకు 500 పెసోల కూలి యిచ్చి ఒక ధర్మసంస్థ వీధులలోని శిథిలములను ఎత్తించినది. అమెరికాలో పెనుతుపాను వచ్చినప్పుడు కేంద్ర కార్మికశాఖ రాష్ట్రములకు ధనమిచ్చి, ఉపాధి పోయినవారిని తాత్కాలికముగ శుభ్రపఱచు పనులలోను మరమ్మతులలోను నియమించుట కలదు. నష్టపోయినవాని చేతనే నష్టమును బాగుచేయించి, కూలి అతనికే ముట్టజెప్పుట అన్నిచోట్లను మూలసూత్రము.

2. నేను చూచిన గ్రామము

సూత్రము మంచిదైనంత మాత్రమున పని మంచిది కాదు. ఇందుకు నేను చూచిన సంగతి యొకటి చెప్పెదను.

కొన్ని యేండ్ల క్రిందట పాత ఆదిలాబాదు జిల్లాలో వాగు ప్రక్కనున్న యొక గ్రామమునకు వరద వచ్చినది. కుంటకట్టకు రెండు చోట్ల గండ్లు పడినవి. కట్ట క్రింది వరిపొలములలో ఇసుక మేట వేసినది. పక్షము దినములకు గ్రామసభ కూడినది. ఏయే పనులు కావలెనని అధికారి అడిగెను. ఎవరివద్దను వ్రాతలో ఏమియు లేదు. పదిమందియు పది మాటలు పలికిరి. చివరకు త్వరగ కాగితముమీదికి ఎక్కినది ‘బాటకు మట్టిపని’. ఆ బాట ఊరికి మెరకవైపున నున్నది. వరద దానిని తాకనే లేదు. అంచనా సులభము, కొలత సులభము, కనుక అదే మంజూరైనది.

నేనును ఆ సభలో కూర్చుండి యుంటిని. నేను చూపవచ్చిన వరివంగడమును గుఱించి నాలుగు మాటలు చెప్పి ఊరకుంటిని. కుంట సంగతి నా పని కాదనుకొంటిని. ఆ తప్పులో నాకును పాలు కలదు.

కూలివారు కష్టపడి పని చేసిరి. కూలియు వచ్చినది. బాటమీది మట్టి మఱుసటి యేటి తొలకరికి సగము కొట్టుకొనిపోయినది. జూలైలో వాగు మఱల పొంగగా, పూడ్చని గండ్లనుండియే నీరు దిగి అవే పొలములమీదుగ పాఱినది. రెండెకరముల పొలము గల యొక ముసలమ్మ, ఆ బాటపనిలో తట్ట మోసినదే, గట్టుమీద నిలువబడి నాతో నన్న మాట నేటికిని మఱవలేదు.

“కూలి దక్కింది సారూ, పొలం దక్కలే.”

ఆమె ఎవరిని నిందింపలేదు. జరిగినది చెప్పినది. ఆపద వెనుకటి పనికి ఆమె మాటయే మంచి కొలబద్ద. కూలియు దక్కవలెను, పొలమును దక్కవలెను. ఒక్కటి దక్కి ఒక్కటి పోయినచో పని సగమే అయినట్లు.

3. జాబితా వానకు ముందే వ్రాయవలెను

ఆ గ్రామపు లోపము ధనము లేకపోవుట కాదు, జాబితా లేకపోవుట. ఆపద వచ్చిన తరువాత ఆలోచించుటకు తెఱపి యుండదు. కనుక ప్రతి గ్రామమున మాఘ ఫాల్గుణ మాసములలో, నీరు తగ్గి కట్టలు బయటపడినప్పుడు, ఒక దినము ఊరిచుట్టు నడచి చూడవలెను. సర్పంచి, పంచాయతి కార్యదర్శి, సంఘమునుండి ఇద్దఱు, కూలి కుటుంబముల స్త్రీలు ఇద్దఱు, అన్నిటికంటె ముఖ్యముగ నీరడి అందులో నుండవలెను. నీరు ఎచ్చట నిలుచునో, ఎచ్చట తిరుగునో నీరడికి తెలిసినట్లు కాగితమునకు తెలియదు.

నడచునప్పుడు ఈ క్రింది సంగతులు వ్రాసికొనవలెను.

మొదటిది, చెఱువు కుంటల కట్టలు: ఎచ్చట సన్నబడినవి, ఎచ్చట ఎలుక బొఱియలు, చెట్ల వేళ్లు కలవు.

రెండవది, మత్తడి: దాని ముందు తుమ్మ మొలచినదా, దిగువ రాతికట్టు కదలినదా. కొందఱు రైతులు నీరు ఎక్కువ నిలుపవలెనని మత్తడిమీద రాళ్లు, ఇసుక బస్తాలు పేర్తురు. ఇది మహాపరాధము. మత్తడి పోవలసిన నీటిని పోనీయనిచో ఆ నీరు కట్టను తెంచుకొని పోవును.

మూడవది, కుంటకు నీరు తెచ్చు కాలువలు, పొలమునుండి నీరు తీయు ఒర్రెలు: ఎవరు కలుపుకొని దున్నిరో, ఎచ్చట పూడినవో.

నాల్గవది, బాటలమీది తూములు, మోరీలు: వాని నోళ్లు మూసికొనిపోయినవా.

అయిదవది, వాగుగట్టు పొలములు: వరద మొదట తాకునవి, అందలి రైతుల పేర్లు, కౌలుదారుల పేర్లు.

ఒక్కొక్క పనికి ఎదుట పొడవు, వెడల్పు, లోతు వ్రాసి, గ్రామసభలో చదివి, తీర్మానము చేయించి, నకలు ఒకటి సంఘపు పెట్టెలో నుంచుడు. తుపాను వచ్చిన మఱుదినమే తీసి చూపగల కాగితము అది. ముందు చెప్పిన గ్రామమున మఱుసటి వేసవిలో మేము ఇట్లే నడచితిమి. ఆ యేడు గండ్లు రెండును పూడినవి. తరువాతి వానలకు కట్ట నిలిచినది.

4. ఏ పని ఏ కాలమున

తుపాను మన ప్రాంతమునకు తఱచు అక్టోబరు, నవంబరు మాసములలో వచ్చును. అది వరికోతకును పత్తి ఏరుటకును సరియైన కాలము. ఆ సమయమున కూలివారందఱు మట్టిపనికి పోయినచో మిగిలిన కొద్ది పంట చేతికి రాదని రైతులు మొఱపెట్టుదురు. ఇందు నిజము లేకపోలేదు. కాని పంట పూర్తిగ పోయిన పొలములకు కోతకూలి లేదనియు, ఆ కూలిమీద ఆధారపడినవారు ఆకలితో నుండుదురనియు తెలియవలెను. రెండెకరముల రైతే పంట పోగా తట్ట పట్టుచున్నాడు. కనుక ఇది రైతుకును కూలికిని జగడము కాదు. పనులను కాలమునుబట్టి విభజించుకొనుటయే ఉపాయము.

మొదటి పక్షము: బాటలమీద కూలిన చెట్లు తీయుట, మోరీలు తెఱచుట, నిలిచిన నీటిని తీయుట, మంచినీటి బావులను శుభ్రపఱచుట. ఇవి ఆగరాని పనులు. కుంటలో మిగిలిన నీరు యాసంగికి నిలుపుటకై గండికి తాత్కాలికపు కట్టు కూడ ఈ సమయముననే వేయవలెను.

కోతకాలము: పంట మిగిలినచోట కోతలు సాగనిచ్చి, కూలి దొరకనివారికి మాత్రము చిన్న పనులు నడుపవలెను.

ఫిబ్రవరి మొదలు మే వఱకు: కట్టల మరమ్మతు, పూడిక తీయుట, కాలువల త్రవ్వకము, పొలముల గట్లు. ఇవి పెద్ద పనులు. తొలకరికి ముందే ముగియవలెను. జూన్ మాసమున సగము వేసిన కట్ట, వేయని కట్టకంటె అపాయకరము.

5. గండి పూడ్చు విధము

ఊరక మట్టి పోసినంత మాత్రమున గండి పూడదు. పెక్కుచోట్ల పూడ్చిన గండియే మఱల తెగుటకు కారణము పాత కట్టకును క్రొత్త మట్టికిని అతుకు లేకపోవుటయే.

ముందు గండి రెండు ప్రక్కల వదులు మట్టిని, వేళ్లను తీసివేసి, గట్టి కట్టను మెట్లు మెట్లుగ చెక్కవలెను. అడుగున ఇసుకను, బురదను తీసి గట్టినేల వచ్చువఱకు కందకము త్రవ్వవలెను. అటుపై జానెడుకు మించని పొరలుగ మట్టి పోసి, తడిపి, దిమ్మెసతో కొట్టి, పొర గట్టిపడిన పిదపనే మఱియొక పొర వేయవలెను. ఒక్క రేగడి మట్టితోనే కట్టిన కట్ట ఎండకు నెఱ్ఱెలు విచ్చును. ఒక్క మొరముతో కట్టినది నీటిని ఊరనిచ్చును. లోపల జిగటమట్టి, పైపొరకు మొరము కలిపిన మట్టి మేలు. క్రొత్త మట్టి వానకు దిగును గనుక పాత కట్టకంటె కొంత ఎత్తుగ వదలవలెను. చివర గరిక నాటవలెను. వేళ్లు పెద్దవగు చెట్లు కట్టమీద నాటరాదు.

6. కొలత, కూలి, కాగితము

ఇట్టి పనులలో కూలి సాధారణముగ కొలతనుబట్టి వచ్చును. కొలత తెలియని కూలివాడు మోసపోవును. మోసపోకున్నను అనుమానపడును. నేను చదివిన మిషను పాఠశాలలో లెక్కల ఉపాధ్యాయుడు మమ్ములను బయటికి తీసికొనిపోయి గుంటలను కొలిపించెడివాడు. ఆ లెక్క ఇప్పుడు ప్రతి కూలి బృందమునకు కావలసినది.

గుంట పొడవు 10 మీటర్లు, వెడల్పు 5 మీటర్లు, లోతు 90 సెంటీమీటర్లు అనుకొందము. 10ని 5తో, దానిని 0.9తో గుణింపగా 45 ఘనపు మీటర్లు. ఒక ఘనపు మీటరు సుమారు 35 ఘనపుటడుగులు. పదిమంది అయిదు దినములు పనిచేసినచో 50 పనిదినములు. కనుక తలకు దినమునకు 0.9 ఘనపు మీటరు. ఆ నేలలో ఎంత త్రవ్వినచో పూర్తి కూలియో అంచనాపత్రమున వ్రాయబడి యుండును. పని మొదలిడక మునుపే దానిని చదివించుకొనుడు. గట్టినేలకును మెత్తనినేలకును లెక్క వేఱు. లోతు తెలియుటకు గుంట నడుమ అక్కడక్కడ త్రవ్వకుండ మట్టిదిమ్మలను సాక్షిగ విడువవలెను. కొలత అయిన తరువాతనే వానిని తీయవలెను.

2005 చట్టపు నియమములు కొన్ని ప్రతివారును ఎఱిగియుండదగినవి. పని అడిగిన 15 దినములలో చూపవలెను. చూపనిచో మొదటి 30 దినములకు కూలిలో నాలుగవ వంతునకు తగ్గకుండ, అటుపై సగమునకు తగ్గకుండ నిరుద్యోగభృతి ఇయ్యవలెను. పని అడిగినట్లు తేది వేసిన రసీదు లేనిచో ఈ హక్కు నిలువదు. హాజరుపట్టిక ముగిసిన 15 దినములలో కూలి చెల్లింపవలెను. ఆలస్యమైన 16వ దినమునుండి దినమునకు నూటికి 0.05 చొప్పున పరిహారము. 3,000 రూపాయల కూలికి ఇది దినమునకు రూపాయిన్నర. మొత్తము చిన్నదే. అయినను ఆలస్యమునకు లెక్క చెప్పవలసిన బాధ్యత ఒకరిపై నుండుట గొప్ప సంగతి. పనియందు గుత్తేదారులు ఉండరాదు. మనుష్యుల కూలిని తఱుగుచేయు యంత్రములు వాడరాదు. త్రాగునీరు, నీడ, చికిత్సపెట్టె, పసిపిల్లలను చూచుకొను ఏర్పాటు ఉండవలెను.

ఇటీవలి సంవత్సరములలో హాజరు ఫోనులోని ఫొటోతో తీయుట వచ్చినది. 2024 జనవరినుండి కూలిని ఆధారుతో కలిసిన ఖాతాకే పంపు నియమము అమలైనది. వరదలో ఫోను తడిసినను, కార్డు పోయినను కూలి నిలిచిపోవును. కనుక ఉపాధి కార్డు, బ్యాంకు పుస్తకము, పట్టాపుస్తకము, ఆధారు నకళ్లను ఒక రబ్బరు సంచిలో కట్టి మిద్దెమీద నుంచుకొనుడు. ఇది చిన్న జాగ్రత్త, పెద్ద రక్ష.

7. ఇసుక మేట పడిన పొలము

కూలిపనియు నష్టసహాయమును వేఱు వేఱు అని తెలిసికొనుడు. 2022 మొదలు 2026 వఱకు వర్తించునట్లు కేంద్రము నిర్ణయించిన విపత్తు సహాయపు పద్ధతిలో, మూడంగుళములకు మించి ఇసుక లేక ఒండ్రు మేట వేసిన చిన్న సన్నకారు రైతుల భూమికి హెక్టారునకు 18,000 రూపాయలు మేట తీయుటకై చూపబడినది. ఇందుకు అధికారి వచ్చి చూచి ధ్రువపఱచవలెను. కనుక తొందరపడి మేట తీయక మునుపే గడ్డపారతో నాలుగు చోట్ల లోతు చూచి, సాక్షుల యెదుట కొలిచి, ఫొటో తీయించుకొనుడు. వాగుగట్టు పొలములలో కౌలుదారులు పెక్కుమంది. వారి పేర పట్టా లేనందున సహాయము పట్టాదారునకు పోవుట మనము చూచుచున్నాము. జాబితాలో కౌలుదారు పేరు వ్రాయుట, పట్టాదారు ఒప్పుకోలు తీసికొనుట సంఘము చేయదగిన న్యాయము.

8. సంఘము చేయదగినది

సంఘము గుత్తేదారు కారాదు. అయినను దాని చేతిలో చాల పని కలదు. మొదటిది, పైన చెప్పిన జాబితాను భద్రపఱచుట. రెండవది, కూలి వచ్చులోపల కుటుంబమునకు గింజలు, పిల్లల బడిఖర్చు నడుచుటకై చిన్న చేబదులు ఇచ్చి, కూలి రాగానే తిరిగి తీసికొనుట. ఇది లేనిచో ఆ పదునైదు దినములకే వడ్డీవ్యాపారి గడప త్రొక్కుదురు. మూడవది, పారలు, తట్టలు, దిమ్మెసలు, టార్పాలిను గుడ్డలు ఉమ్మడిగ నుంచుట. నాల్గవది, యాసంగికి విత్తనమును ముందే కూర్చుట. భీమదేవరపల్లి మండలముననే గల ముల్కనూరు సహకార గ్రామీణ బ్యాంకు, మార్కెటింగు సంఘము 1956లో ఏర్పడినది. అప్పు, విత్తనము, అమ్మకము ఒక్క గొడుగు క్రింద నడపినచో గ్రామము ఎంత నిలదొక్కుకొనునో తెలియగోరువారు అచ్చటికి పోయి చూడవచ్చును. ఎంత సంఘమున్నను వాన ఆగదు. వాన వెలిసిన పిదప లేచుటకు మాత్రము సంఘము ఊతకఱ్ఱ.

9. చట్టము మాఱుచున్న కాలము

2025 డిసెంబరులో పార్లమెంటు పాత చట్టము స్థానమున వికసిత భారత్ గ్రామీణ ఉపాధి, జీవనోపాధి హామీ చట్టమును ఆమోదించినది. ఇందు ఏటికి 125 దినములు చెప్పబడినవి. ఖర్చును కేంద్రము 60, రాష్ట్రము 40 వంతున పంచుకొనవలెను. తీవ్రమైన వాతావరణ విపత్తులను తట్టుకొను పనులు అందు ఒక ప్రత్యేక తరగతిగ చేర్చబడినవి. ఇది మనకు అక్కఱకు వచ్చు సంగతి. విత్తుటకును కోతకును సంబంధించిన కాలమున మొత్తము 60 దినముల వఱకు పని నిలుపు వీలును కలదు. తుపాను కోతకాలముననే వచ్చును గనుక, ఆ విరామదినములలో ఆపద వచ్చినచో ఏమి చేయవలెనో గ్రామసభ ముందుగనే అడిగి తీర్మానము పంపవలెను. ఏ నియమము ఏ తేదినుండి నడచుచున్నదో మండల కార్యాలయమున వ్రాతగ తెలిసికొనుడు. ఎవరో చెప్పిరని పని అడుగుట మానకుడు.

చట్టము పేరు మాఱవచ్చును, దినముల లెక్క మాఱవచ్చును. ముసలమ్మ చెప్పిన కొలబద్ద మాఱదు. మఱుసటి వానకు నీరు అదే దారిన రాకుండ చేసినదే పని. వచ్చు ఫాల్గుణములో నేనును మీ ఊరి నీరడి వెంట నడచుటకు వత్తును. కాగితము, కొలత టేపు సిద్ధముగ నుంచుడు.

సంఘసభలో చర్చింపవలసిన ప్రశ్నలు

1. మన ఊరిలో గత వరదకు చెడి, నేటికిని బాగుపడని పని ఏది? దానికి పొడవు, వెడల్పు, లోతు ఎవరైన కొలిచిరా?
2. మన మత్తడి ముందు తుమ్మ ఉన్నదా? దానిమీద బస్తాలు పేర్చినవారెవరు? ఎవరు తీయింతురు?
3. తుపాను వచ్చినచో మొదటి పక్షము చేయవలసిన అయిదు పనులను వరుసగ వ్రాయుడు.
4. ఒక గుంట పొడవు 8 మీటర్లు, వెడల్పు 4 మీటర్లు, లోతు 75 సెంటీమీటర్లు. ఎన్ని ఘనపు మీటర్లు? ఎనిమిదిమంది మూడు దినములు పనిచేసినచో తలకు దినమునకు ఎంత?
5. వాగుగట్టు పొలములలో కౌలుదారులు ఎంతమంది? వారి పేర్లు మన పుస్తకమున ఉన్నవా?